అద్దం వెనుక తుపాకి: యుద్ధకాలపు గుర్తులను చదివే విధానం

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల ఉపాధ్యాయులు పిల్లలను తీసుకుని హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికో, చెన్నైలోని సెయింట్ జార్జి కోట మ్యూజియానికో వెళ్ళినప్పుడు ఆయుధాల గది ముందు జరిగేది దాదాపు ఒకటే. పిల్లలు కత్తుల ముందు ఆగుతారు, పిడికి పొదిగిన రాళ్ళను చూస్తారు, తుపాకుల వరుస దగ్గరికి వచ్చేసరికి నడక వేగం పెరుగుతుంది. ఒక తుపాకికీ మరొక తుపాకికీ తేడా కనిపించకపోవడమే దీనికి కారణం. నేను చరిత్ర పాఠం చెప్పిన కాలంలో మొదటి రెండుసార్లు నాకూ అలాగే జరిగింది. తర్వాత ఒక పద్ధతి అలవడింది. ఆ పద్ధతిని, అది పనిచేసే చోట్లను, మోసం చేసే చోట్లను ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి చెప్పడానికి తేలికైనదే. సైనిక తుపాకి ముందు నిలబడినప్పుడు అది ఎలా పేలుతుందని మొదట అడగవద్దు. ఎన్ని కావలసి వచ్చాయి, ఎంత తొందరగా కావలసి వచ్చాయి అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తుపాకి మీద ఉన్న వస్తువులలో కంటే, ఉండవలసి ఉండి లేకుండా పోయిన వస్తువులలో ఎక్కువగా దొరుకుతుంది. యుద్ధం కొత్త యంత్రాంగాన్ని కనిపెట్టించిన సందర్భాలు లేకపోలేదు గాని, అప్పటికే ఉన్న నమూనా నుంచి ఒక్కొక్కటిగా తీసివేయించిన సందర్భాలే చాలా ఎక్కువ. అందువల్ల చూసేవారి కన్ను లోపాన్ని, అనగా లేకుండా పోయినదాన్ని, వెతకడానికి అలవాటుపడాలి.

బయలుదేరే ముందు చేయవలసిన పని కొంత ఉంది. ఒక నోటుపుస్తకంలో నాలుగు కాలాలను వేరువేరు పుటలలో రాసుకోండి: ఫ్రాన్సుతో బ్రిటన్ యుద్ధం మొదలైన 1793 నుంచి 1815 వరకు, క్రిమియా యుద్ధం, మన 1857, అమెరికా అంతర్యుద్ధం కలిసివచ్చే 1853 నుంచి 1865 వరకు, 1914 నుంచి 1918 వరకు, 1939 నుంచి 1945 వరకు. చూసిన ప్రతి తుపాకినీ ఈ నాలుగింటిలో ఏదో ఒక పుటకు చేర్చడానికి ప్రయత్నించాలి. ఏ పుటలోనూ ఇమడనిది శాంతికాలపు తుపాకి కావచ్చు. దానికీ విలువ ఉంది, ఎందుకంటే యుద్ధం ఏమి తీసివేసిందో తెలియాలంటే ముందు ఏమి ఉండేదో తెలియాలి. కొలతకు టేపు పెట్టనివ్వరు కాబట్టి అద్దాల పెట్టె కింద ఉన్న నేలబండను కొలబద్దగా వాడుకోండి. కడప బండలు పరిచిన ఇళ్ళలో పెరిగిన మనకు కంటితోనే అడుగులు లెక్కపెట్టడం కొత్త విద్య కాదు.

ముందుగా చూడవలసినది జామగి తుపాకి, అనగా కాలుతున్న వత్తిని మీటతో రంజకానికి (నిప్పందుకునే మందుకు) తాకించి పేల్చే పాతరకం. దీనిని పోలికకు మొదటి మెట్టుగా పెట్టుకోవాలి. రెండు జామగి తుపాకులను పక్కపక్కన చూసి వాటి మధ్య ఒకేరకంగా ఉన్న భాగం ఒక్కటైనా కనిపిస్తుందేమో వెతకమని పిల్లలకు చెప్పండి. సాధారణంగా కనిపించదు. గొట్టం పొడవు వేరు, కర్ర వంపు వేరు, కట్లు వేరు. ప్రతిదీ ఒక కమ్మరి కొలిమిలో, ఒక వడ్రంగి చేతిలో, విడిగా పుట్టింది. 1520లో రాయచూరు ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన క్రిస్టోవావ్ ద ఫిగేరెదో వెంట వచ్చిన పోర్చుగీసువారు కోటగోడ మీద తల ఎత్తినవారిని తుపాకులతో పడగొట్టి, గోడను కూల్చే పనివారికి వెసులుబాటు కల్పించారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. అక్కడ నిర్ణయాత్మకమైనది తుపాకుల సంఖ్య కాదు, కొద్దిమంది గురి. గండికోటను పెమ్మసానివారి నుంచి పట్టుకున్న మీర్ జుమ్లా 1652 నాటికే అక్కడ ఐరోపా పనివారి చేత ఫిరంగులు పోతపోయించే ప్రయత్నంలో ఉన్నాడు. ఆ ఏడాది అక్కడికి వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దానిని చూశాడు. అదీ కొద్దిమంది నేర్పరుల మీద నిలిచిన పనే. మన పాళెగాళ్ళ బంట్లు పందొమ్మిదో శతాబ్దంలో కూడా జామగి తుపాకినే పట్టుకున్నారంటే దానిని వెనుకబాటుతనం అని కొట్టిపారేయడం సరికాదు. పక్క ఊరి కమ్మరి బాగుచేయగల తుపాకి, చెకుముకి రాయి కోసం ఎదురుచూడనక్కరలేని తుపాకి, పాడుబడ్డ ఊరిదిబ్బల మట్టి నుంచి వండిన పెట్లుప్పుతో చేసిన మందు చాలే తుపాకి, చిన్న పోరుకు సరిపోయేది. అది సరిపోనిది నెలకు వేల తుపాకులు కావలసిన పోరుకు.

అటువంటి పోరు తుపాకిని ఏమి చేసిందో చూపించడానికి మనకు దొరికే అత్యుత్తమ ఉదాహరణ మన దేశం పేరు పెట్టుకున్నదే. దీని ముందు మిగిలినవాటి కంటే ఎక్కువసేపు ఆగమని నా సలహా.

బ్రిటిష్ పదాతి దళం చెకుముకి తుపాకిని, అనగా చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేదానిని, జనం బ్రౌన్ బెస్ అంటారు గాని, ఆ పేరు కింద అనేక నమూనాలు ఉన్నాయి. 1720ల నాటి మొదటి నమూనాకు గొట్టం 46 అంగుళాలు. తర్వాత వచ్చిన పొట్టి నమూనాకు 42 అంగుళాలు. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించుకున్న ఇండియా నమూనాకు 39 అంగుళాలు, అంటే మీటరుకు ఒక్క పిసరు తక్కువ. కంపెనీ వర్తకుల సంస్థ; తుపాకికి ఎంత ఖర్చవుతుందో, ఎంత తొందరగా ఓడకెక్కుతుందో చూసుకునేది. ప్రభుత్వ ఆయుధ శాఖ అధికారులు అలా చూసేవారు కారు. వారి తుపాకిలో మేలురకం చెక్క, ఎక్కువ ఇత్తడి, ఎక్కువ నునుపు ఉండేవి. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చిపడి, తమ కొట్లలో ఉన్న తుపాకులు చాలవని తెలిసేసరికి ఆ శాఖ కంపెనీ తుపాకులను కొనడం మొదలుపెట్టింది. 1797లో ఇండియా నమూనానే బ్రిటిష్ సైన్యపు నమూనాగా ఒప్పుకున్నారు. మద్రాసు సిపాయికి చాలునని చేసిన చవక తుపాకి ఈ విధంగా లండను సైనికుడి చేతికి వచ్చింది, నెపోలియన్ పతనమయ్యేలోగా ముప్పై లక్షల దాకా తయారైంది. రాజధాని నుంచి వలసదేశానికి సరుకు రావడం మనం చదువుకున్న చరిత్ర. వలసదేశానికి చేసిన సరుకు రాజధానిని ఆదుకున్న ఈ కథను పాఠ్యపుస్తకం రాయడం నేను చూడలేదు.

దానిని అద్దం వెనుక గుర్తుపట్టడానికి ఈ వరుసలో చూడండి. మొదట గొట్టం కింద కర్రలో దూర్చిన గజాన్ని, అనగా మందు దట్టించే కడ్డీని, పట్టి ఉంచే ఇత్తడి గొట్టాలను లెక్కపెట్టండి. పాత పొడుగు నమూనాలో నాలుగు ఉంటాయి, ఇండియా నమూనాలో మూడే. తర్వాత చేతి పట్టు వద్ద, బొటనవేలు ఆనే చోట, పాత నమూనాలో ఒక చిన్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. ఇండియా నమూనాలో అక్కడ చెక్క మాత్రమే కనిపిస్తుంది. ఈ రెండు లోపాలే యుద్ధపు సంతకం. ఒక తుపాకికి ఒక ఇత్తడి గొట్టం మిగిలితే పెద్ద విషయమని అనిపించదు. ముప్పై లక్షల తుపాకులకు ఎన్ని గొట్టాలు, వాటిని అమర్చే ఎన్ని గంటల పని మిగిలాయో పిల్లలనే లెక్క కట్టమనండి. ఆ తర్వాత చెకుముకి రాయిని పట్టే కొంకిని చూడండి. హంస మెడలా వంగి సన్నగా ఉంటే పాతది. 1809 ప్రాంతం నుంచి నడుమ రంధ్రం విడిచి మందంగా చేసిన కొంకి వచ్చింది. పాత సన్నని మెడ విరిగేది, విరిగినది బాగుచేయడానికి సైన్యం వెంట నిపుణుడు కావాలి. కాబట్టి తీసివేయడమే నియమమైన ఆ కాలంలో ఇక్కడ మాత్రం లోహం చేర్చవలసి వచ్చింది. చివరగా ముద్రలను చదవండి. కిరీటం, జార్జి రాజు పొడి అక్షరాలు, టవర్ అనే మాట ఉంటే అది ప్రభుత్వ శాఖ తనిఖీకి వెళ్ళినది. హృదయం ఆకారంలో గీసి లోపల అక్షరాలు పొదిగిన గుర్తు కంపెనీ వర్తక ముద్ర. 1808 తర్వాత దాని స్థానంలో వెనుక కాళ్ళ మీద నిలిచిన సింహం వచ్చింది. మన దత్తమండలాల వైపు వచ్చిన కంపెనీ దళాల చేతుల్లో ఉండినవి ఈ హృదయపు గుర్తు, సింహపు గుర్తు తుపాకులే.

ఒక పొరపాటు ఇక్కడ తరచుగా జరుగుతుంది. గొట్టం పొట్టిగా ఉన్నది కదా అని పొడుగు తుపాకిని ఎవరో కోసేశారనుకుంటారు. కోసినదైతే గజపు గొట్టాల మధ్య ఎడం ఎబ్బెట్టుగా ఉంటుంది, మొన దగ్గర చెక్క ముగింపు మొరటుగా ఉంటుంది. మొదటి నుంచీ పొట్టిగా చేసినదానిలో ఎడం సమంగా ఉంటుంది.

కర్నూలు పిల్లలకు ఇదే చోట 1839 సంగతి చెప్పాలి. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో పెద్ద ఎత్తున ఆయుధాలు, మందుగుండు కూడబెట్టాడని కంపెనీవారు విచారణకు వచ్చారు, నిల్వలు బయటపడ్డాయి, అక్టోబరులో జొహరాపురం దగ్గర పోరు జరిగింది, నవాబును తిరుచిరాపల్లికి పంపారు, సంస్థానం కంపెనీ పాలయింది. కొండారెడ్డి బురుజు కింద నిలబడి ఈ కథ చెప్పేవారు ఆయుధాలు ఎన్ని దొరికాయన్న దగ్గరే ఆగిపోతారు. ఆయుధాలు పోగుచేయడం ఒక పని. విరిగినదాని స్థానంలో అచ్చం అటువంటిదే మళ్ళీ మళ్ళీ తెప్పించగలగడం వేరొక పని. రెండో పనికి బర్మింగ్‌హామ్ వంటి ఊరంతా గొట్టాలు చేసేవారు, తాళాలు (తుపాకిని పేల్చే యంత్రాంగాలు) చేసేవారు, మరలు చేసేవారుగా విడిపోయి పనిచేసే ఏర్పాటు కావాలి. కర్నూలు కోటగోడలలోపల దానిని కట్టుకోవడం ఎవరికైనా అసాధ్యం.

అయితే బర్మింగ్‌హామ్ ఏర్పాటుకూ ఒక హద్దు ఉండేది, దానిని చూడడం నేర్చుకోవడమే తర్వాతి మెట్టు. తాళపు పలక మరలకూ దాని లోపలి భాగాలకూ గీతలో, చుక్కలో, అంకెలో జతగా గీసి ఉన్నాయేమో గమనించండి. విడదీసిన తుపాకిని ప్రదర్శించిన చోట ఇవి చక్కగా కనిపిస్తాయి. ఆ గీతల అర్థం ఈ మర ఈ తుపాకిదే, పక్క తుపాకిలో ఇమడదు అని. పనివాడు ఆకురాయితో రుద్ది రుద్ది ఒక్కొక్క భాగాన్ని దాని జతకు సరిపెట్టేవాడు. ఈ పద్ధతిలో ఉత్పత్తి పెరగాలంటే పనివారు పెరగాలి, పనివాడు తయారవడానికి ఏళ్ళు పడుతుంది, యుద్ధం ఏళ్ళు ఆగదు. భాగాలన్నీ ఒకదానికి బదులు ఒకటి ఇమిడేలా చేయాలని ఫ్రాన్సులో హొనొరే బ్లాంక్ 1780లలోనే చేసి చూపించాడు. ఫ్రాన్సుతో యుద్ధ భయం కమ్మిన 1798లో అమెరికాలో ఎలీ విట్నీ రెండేళ్ళలో 10,000 తుపాకులు ఇస్తానని ఒప్పందం రాసి, 1809కి గాని పూర్తిచేయలేకపోయాడు. భయం సొమ్ము ఇప్పించింది, ఆ సొమ్ముతో యంత్రాలు ప్రయత్నించారు, యంత్రాలు పక్వానికి వచ్చేసరికి భయం దాటిపోయింది. యుద్ధం వెంటనే మార్పు తెస్తుందని రాసేవారు ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకోవాలి.

ఆ ఆలస్యపు ఫలం క్రిమియా యుద్ధంలో దక్కింది. బ్రిటన్‌లో 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు కావలసినన్ని రాకపోవడంతో 1854లో ఒక బృందం అమెరికా కర్మాగారాలను చూసివచ్చి, ఆ యంత్రాలనే ఎన్‌ఫీల్డ్‌లో నెలకొల్పించింది. అక్కడ తయారైన రైఫిలులో జత గీతలు వెతికితే దొరకవు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల 1860లో పదివేల లోపు తుపాకులు చేసి, అంతర్యుద్ధపు నడిమధ్యన 1864లో రెండున్నర లక్షలకు పైగా చేయగలిగింది. ఆకురాయి చేతులు అంతగా పెరగవు, యంత్రాలు పెరిగాయి.

ఎన్‌ఫీల్డ్ అనగానే పిల్లలు 1857 కొవ్వు తోటాల సంగతి ఎత్తుతారు. అది చెప్పండి, కాని దానితో ఆపవద్దు. తిరుగుబాటు తర్వాత భారతీయ సైనికుల కోసం అదే ఎన్‌ఫీల్డ్ ఆకారంలో, గొట్టం లోపల మెలికల గాడులు లేకుండా నున్నగా తొలిచిన నమూనాను ప్రత్యేకంగా చేయించారు; దూరాన్ని బట్టి సర్దుకునే వెనుక గురిపలకకు బదులు కదలని చిన్న దిమ్మ పెట్టారు. గాడులు లేని గొట్టం నుంచి గుండు దూరం పోదు, గురి నిలవదు. యుద్ధపు అవసరమంటే ఎప్పుడూ ఎక్కువ తుపాకులు, మంచి తుపాకులు అని కాదనడానికి ఇంతకంటే కఠినమైన రుజువు నేను చూడలేదు. మ్యూజియంలో ఎన్‌ఫీల్డ్ కనిపిస్తే వెనుక గురిపలకను తప్పక చూడండి.

యుద్ధం ముగిశాక మిగిలే గుట్టల సంగతి కొద్దిగా చూస్తే చాలు. గొట్టం వెనుక భాగం కోసి, కీలుతో పక్కకు తెరుచుకునే దిమ్మ అమర్చి ఉంటే అది 1866 నుంచి వచ్చిన స్నైడర్ మార్పు. కొత్తవి చేయడం కంటే ఉన్న ఎన్‌ఫీల్డ్‌లను వెనుక నుంచి తోటా పెట్టేలా మార్చడం తేలిక అనుకున్నారు. ఒకే తుపాకి మీద రెండు కాలాల పనితనం కనిపిస్తే నోటుపుస్తకంలో రెండు పుటలలోనూ రాయండి.

ఇక త్రీనాట్‌త్రీ. మన పోలీసుల భుజాన, ఎన్నికల బూతుల దగ్గర దీనిని చూడని పెద్దవారు మన జిల్లాలలో ఉండరు. 1907 నాటి లీ ఎన్‌ఫీల్డ్ మూడో నమూనాను, 1916లో వచ్చిన నక్షత్రపు గుర్తు మూడో నమూనాను పక్కపక్కన పెట్టి చూపించగలిగితే ఈ పద్ధతి అంతా పిల్లలకు పది నిమిషాలలో అర్థమవుతుంది. భుజానికి ఆనే మడమ చెక్క మొదలయ్యే చోట కుడివైపు ఉక్కు పట్టీ మీద కిరీటం, కర్మాగారం పేరు, సంవత్సరం, నమూనా సంఖ్య ఉంటాయి. సంఖ్య పక్కన నక్షత్రం ఉందేమో చూడండి. తర్వాత తోటాల పెట్టె పైభాగాన కుడివైపు ఒక పలుచని ఉక్కు పలక ఉందో, లేదో చూడండి. ఆ పలకను లోపలికి నెడితే పెట్టెలోని తోటాలు పైకి రావు, సైనికుడు ఒక్కొక్క తోటానే చేతితో పెట్టుకోవాలి. తోటాలు దుబారా కాకూడదన్న శాంతికాలపు పొదుపు అది. చివరగా ఎడమవైపు ముందు చెక్క మీద అంకెల బిళ్ళ, వెనుక దానికి జోడీగా చిన్న రంధ్రపు కడ్డీ ఉన్నాయో లేవో చూడండి. రెండువేల గజాలకు పైబడి దూరంలో ఉన్న గుంపు మీద దళమంతా కలిసి కాల్చడానికి పెట్టినవి ఇవి. కందకాలలో ఎదుటివాడు కొన్ని వందల గజాలలోపే ఉన్నప్పుడు ఆ బిళ్ళ వల్ల ఒరిగేది లేదు, దానిని చేసే గంటల పని మాత్రం మరో తుపాకికి పనికివస్తుంది. నక్షత్రపు గుర్తు నమూనాలో పలక, బిళ్ళ రెండూ పోయాయి. శాంతికాలం తోటాను పొదుపు చేసింది, యుద్ధకాలం పనిగంటను పొదుపు చేసింది. అన్ని కర్మాగారాలూ ఒకే రోజున వీటిని వదలలేదు కాబట్టి, పలక ఉన్నంత మాత్రాన 1916కు ముందుది అని తేల్చవద్దు; ముద్రలోని సంవత్సరమే ఆధారం.

అదే యుద్ధంలో బ్రిటన్ తన కర్మాగారాలు చాలక అమెరికా సంస్థలకు 1914 నమూనా రైఫిలు చేయమని పని ఇచ్చింది. 1917లో అమెరికా తానే యుద్ధంలోకి దిగినప్పుడు, తన సొంత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు కంటే ఆ సిద్ధంగా ఉన్న యంత్రాలపై బ్రిటిష్ నమూనానే తన తోటాకు తగ్గట్టు మార్చి, ఇరవై లక్షలకు పైగా చేసుకుంది. మెరుగైనది ఏదన్న ప్రశ్న అక్కడ రాలేదు, యంత్రాలు దేనికి బిగించి ఉన్నాయన్నదే వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధపు పుటకు స్టెన్ అనే, వరుసగా గుళ్ళు కురిపించే పొట్టి తుపాకి ఒక్కటి చాలు. 1940లో డంకర్క్ తీరంలో బ్రిటిష్ సైన్యం ఆయుధాలను వదిలి ప్రాణాలతో బయటపడింది. మరుసటి ఏడు స్టెన్ వచ్చింది. అమెరికా నుంచి కొన్న టామ్సన్ తుపాకి యుద్ధపు మొదట్లో 200 డాలర్ల దాకా పలికేది. స్టెన్ దానిలో ఇరవయ్యో వంతుకు వచ్చింది. దాని ముందు నిలబడి చెక్క కోసం వెతకండి, సాధారణంగా ఉండదు. మెరుగు కోసం వెతకండి, అదీ ఉండదు. ఉన్నది ఉక్కు గొట్టం, వంచిన రేకు, వెల్డింగ్ అతుకు. మూడో నమూనాలో రేకును గొట్టంగా చుట్టి పైన అతికిన గీత పొడవునా స్పష్టంగా కనిపిస్తుంది. దానిని చేసినది లైన్స్ బ్రదర్స్ అనే ఆటబొమ్మల సంస్థ. రేకును అచ్చు కొట్టి వంచడం బొమ్మలవారికి వచ్చిన విద్య, తుపాకి తన ఆకారాన్ని ఆ విద్యకు తగ్గట్టు మార్చుకుంది. అన్ని నమూనాలూ కలిపి నలభై లక్షల దాకా చేశారు. తోటాలు ఇరుక్కుపోతాయని సైనికులు తిట్టుకున్నది కూడా నిజమే. ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో తయారైన, సుదాయెవ్ రూపొందించిన పీపీఎస్ అనే సోవియట్ తుపాకి ఇదే దారిలో నడిచింది. కాని స్టెన్ కంటే బాగా పనిచేసిందని పేరు, కాబట్టి చవక అంటే నాసి అని పిల్లలు సూత్రం రాసుకోకుండా చూడాలి. మన వార్తలలో స్టెన్‌గన్ అని రాసేవాటిలో చాలావరకు తర్వాతికాలపు స్టెర్లింగ్ రకపు కార్బైన్‌లని కూడా ఒక మాట చెప్పండి.

పద్ధతి మోసపోయే చోట్లు మూడు. మొదటిది మరమ్మతు: సైనిక తుపాకి కర్ర, గొట్టం, మరలు చాలాసార్లు మారతాయి, కాబట్టి ఒక్క గుర్తుతో కాలం తేల్చకూడదు, కనీసం రెండు గుర్తులు కలవాలి. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో చేసిన లేదా సరిచేసిన త్రీనాట్‌త్రీ ముందు చెక్కలో అడ్డంగా దిగిన ఒక బలపు మర తరచుగా కనిపిస్తుంది. అది తర్వాతి చేర్పు. రెండోది కొనసాగింపు: 1962 చైనా యుద్ధం తర్వాత కొరత తీర్చడానికి ఇషాపూర్‌లో అదే పాత ఆకారాన్ని 7.62 మిల్లీమీటర్ల తోటాకు మార్చి చేశారు. దానిని మొదటి ప్రపంచయుద్ధపు తుపాకిగా పొరబడే అవకాశం ఉంది. తోటాల పెట్టె మరింత నలుచదరంగా ఉండడం గుర్తు. మూడోది నకిలీ: పెషావరు వైపు కొండలలో చేతితో చేసిన ఎన్‌ఫీల్డ్ నకళ్ళలో అక్షరాలు తలకిందులుగానో, అద్దంలో బింబంలాగానో ఉంటాయి, అక్షరం తెలియని పనివాడు ముద్రను బొమ్మగా చూసి చెక్కినందువల్ల.

ఇంట్లోనో, పాత వాడలోనో ఎవరి అటకమీదనైనా ఇటువంటిది కనిపిస్తే దానిని చదవడానికి దించవద్దు. గొట్టం ముందు నుంచి మందు దట్టించే తుపాకిలో ఎన్నడో నింపిన మందు అలాగే ఉండిపోయి ఉండవచ్చు, అది పేలవచ్చు. పైగా ఆయుధాల చట్టం 1959 నాటిది ఉంది; తుపాకి పాతది కదా అని లైసెన్సు ప్రశ్న తానంతట తాను తొలగిపోదు. పోలీసు స్టేషనులో తెలియజేయడమే సరైన దారి.

తిరిగివచ్చాక పిల్లల చేత ఒక్కొక్క తుపాకికి నాలుగు వాక్యాలు రాయించండి: ఏమి ఉంది, ఏమి లేదు, లేనిది ఎవరికి ఏమి మిగిల్చింది, ఏ రెండు గుర్తులు కలిశాయి. నా విద్యార్థి ఒకరు రాసిన తరహాలో చెప్పాలంటే, ఇలా: “నక్షత్రం ఉంది, 1917 ఉంది. ఎడమవైపు అంకెల బిళ్ళ లేదు, కుడివైపు పలక లేదు. బిళ్ళ చేసే పనివాడికి ఆ రోజు ఇంకో తుపాకి పని దొరికింది. ముద్ర, లోపం రెండూ ఒకే సంవత్సరాన్ని చెబుతున్నాయి.”